సొన తిన్న వేళ్లు

చిత్తూరులో, పాత ట్రెజరీ వెనకాల,
తలుపు లేని గది నాది.
తలుపుండాల్సిన చోట ఆకుపచ్చ కర్టెను,
దానికి మూడు కొక్కేలు ఊడిపోయాయి.
లోపల చెప్పింది బయటి బెంచీకి వినపడుతుంది.
బెంచీ మీద ఎప్పుడూ ఊరు కూర్చునే ఉంటుంది.

రోజుకు నలభై మంది చేతులు పట్టుకుంటాను.
పెండ్లిలో నా భార్య చెయ్యి కూడా
ఇంత గట్టిగా అదిమి పట్టలేదు.
"వదులుగా పెట్టమ్మా, బిగబట్టొద్దు,
వేలు నీది కాదనుకో."
ఈ మాట నాకు నేర్పించినవాళ్లకి
దాని అర్థం తెలుసో లేదో.

మొగిలమ్మ శ్రావణంలో వచ్చింది, ఫ్యాక్టరీ మూసేశాక.
గుడిపాల దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో
పదిహేను సీజన్లు బెంగుళూర కాయ చెక్కు తీసిన చేతులు.
సొన తిని, బ్లీచింగు నీళ్లు తాగి
బొటనవేలు ఉడికిన చింతగింజలా నున్నగా ఉంది.
ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని ఉందట.
పప్పు వండే ముందు
పది వేళ్లూ ప్రభుత్వానికి చూపించాలి.

ముందు ఒక కాగితం:
నా వేలిముద్రలు తీసుకోవడానికి నాకు సమ్మతమే అని.
దాని కింద వేలిముద్ర.
ఆమె చదవలేదు.
చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మిషన్ కుయ్యిమంది. లేదు.
తడిగుడ్డతో తుడిచి మళ్లీ. లేదు.
"పదైదేండ్లు పని చేసిన చెయ్యప్పా,
నీ డబ్బాకి కనపడలా?" నవ్వింది.
నాలుగోసారి ఎడమ ఉంగరపు వేలు దొరికింది.
దొరికింది అనే అంటాం మేము.
దొంగ దొరికినట్టు.

పదిహేను సీజన్లను చూడలేని గాజు
ఒక్క సాయంత్రాన్ని చూసేసింది.
పన్నెండేళ్ల కిందట,
కూలి బాకీ అడగడానికి గేటుకు అడ్డం కూర్చున్న ఆడవాళ్లు,
ఒక లారీ, పగిలిన దాని అద్దం,
స్టేషన్లో ఒక రాత్రి.
కోర్టు కేసు కొట్టేసింది.
కొట్టేసిన సంగతి కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు.

తెర పక్కకు తిప్పాను. గొంతు తగ్గించాను.
కర్టెనుకు అవతల ఒక దగ్గు మధ్యలో ఆగింది.

"యాడుండాది అది?"
"పైన" అన్నాను.
"పైన ఎవురెవురు చూస్తారు?"
ఎనిమిదేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను,
నాకు తెలీదు.
"మాయాయనకి తెల్దు. పిల్లకి తెల్దు.
ఆ రాత్రి మా చెల్లెలోళ్ల ఊర్లో
జాతరకి పోయినానని చెప్పినా."

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి.
రెండేళ్ల కిందట మా చిన్నాయన కూతురికి సంబంధం వస్తే
"ఊరికే ఒకసారి చూడరా, నీ చేతిలో పనే గదా" అన్నారు.
చూశాను.
పిల్లోడి మీద పేకాట కేసు,
పద్దెనిమిదేళ్లప్పటిది, దీపావళి రాత్రిది.
సంబంధం తప్పిపోయింది.
ఎందుకు తప్పిందో ఆ అబ్బాయికి ఇప్పటికీ తెలీదు.
కట్టమంచిలో సెల్ షాపు పెట్టుకున్నాడు.
మొన్న నా ఫోనుకు గ్లాసు అతికించి
పది రూపాయలు తగ్గించాడు.

కోర్టులో ఏ కాగితం అడగాలో
చీటీ రాసి మొగిలమ్మకిచ్చాను.
మడిచి రవికెలో దోపుకుంది.
గాజు మీద ఆమె వేలి జిడ్డు మిగిలింది,
గీతల్లేని మచ్చ.
గుడ్డ అందుకోబోతే
"ఉండప్పా. నాది నేను తుడుచుకుంటా" అంది.
పైట కొంగు తడిపి రుద్దింది,
చాలాసేపు,
రాచ్చిప్ప అడుగు తోమినట్టు.

తర్వాత దేశప్ప వచ్చాడు.
ఆమె వీధివాడే, స్కూలు బస్సు తోలే పనికి.
కూర్చోకముందే నా వైపు వంగాడు:
"ఆయమ్మకి ఏమన్నా ఉండాదా అన్నా?"

గాజు ఇంకా తడి ఆరలేదు.
"కుడి చెయ్యి. బొటనవేలు" అన్నాను.
"బిగబట్టొద్దు."